దసరా నుంచి కార్తీకం దాకా ఇంటిపని, చేతిపని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంగిలిపూల బతుకమ్మ మొదలైన నాటి నుంచి పోలి పాడ్యమి (కార్తీక అమావాస్య మర్నాడు) దాకా ఇంట్లో ఆడవాళ్ల చేతులకు తీరిక ఉండదు. వంట, పిల్లల బడి, ఆఫీసు ఎలాగూ తప్పవు. వాటి మీదికి పువ్వులు పేర్చడం, బొమ్మల కొలువు సర్దడం, వత్తులు చేయడం, తోరణాలు అల్లడం వచ్చి చేరతాయి. మా పుట్టిల్లు నరసాపురం వైపు, మెట్టినిల్లు వరంగల్. లేసు అల్లే ఇంట్లో పెరిగి, బతుకమ్మ పేర్చే ఇంటికి కోడలిగా వచ్చాను. చుట్టాలు, ఇరుగుపొరుగు, అల్లిక నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఏటా ఈ రోజుల్లో అడిగే ప్రశ్నలను, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

ఈ రెండు నెలల గురించే ప్రత్యేకంగా ఎందుకు?

ఆశ్వయుజం, కార్తీకం కలిస్తే శరదృతువు. మిగతా ఏడాదంతా చేతిపని మన ఇష్టం. బుద్ధి పుడితే అల్లుతాం, లేకపోతే డబ్బాలో పడేస్తాం. ఈ రెండు నెలల్లో మాత్రం పనికి గడువు ఉంటుంది. ఆఖరి రోజైన సద్దుల నాటి సాయంత్రానికి బతుకమ్మ లేవాలి, కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కావాలి, దీపావళికి గుమ్మం తయారవ్వాలి. సరిగ్గా అప్పుడే పొలం ఉన్నవాళ్లకు పత్తి ఏరడం, తర్వాత వరి కోతలు. ఊళ్లో ఉన్నవాళ్లకు చుట్టాల రాకపోకలు, పిల్లల పరీక్షలు, ఇల్లు దులుపుకోవడం.

అందుకే అన్నిటికంటే ముందు పంచాంగం చూడమంటాను. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. 2026లో అధిక జ్యేష్ఠ మాసం ఉండటంతో దసరా అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి జరిగాయి. పోయినసారి తేదీలు గుర్తుపెట్టుకుని దారం కొనే వాళ్లకు, ఆర్డర్లు ఒప్పుకునే వాళ్లకు ఈ దాదాపు మూడు వారాల తేడా చిన్నది కాదు.

నాకు అన్నీ చేయాలని ఉంటుంది. దేనితో మొదలుపెట్టాలి?

తేదీ ఉన్న పని ఒకటి, తేదీ లేని పని ఒకటి పెట్టుకోండి. మూడోది వద్దు.

తేదీ ఉన్న పని అంటే బతుకమ్మ, కొలువు, కార్తీక వత్తులు లాంటివి. తేదీ లేని పని అంటే క్రోషా, ఎంబ్రాయిడరీ, పాత చీరలతో బొంత కుట్టడం లాంటివి. మొదటిది మిమ్మల్ని పరుగెత్తిస్తుంది, రెండోది కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. రెండూ తేదీ ఉన్నవే అయితే దసరా వారంలో పిల్లల మీద అరుస్తాం. రెండూ తేదీ లేనివే అయితే ఏదీ పూర్తికాదు.

ఇంకోటి కూడా చూసుకోండి. ఒళ్లో పెట్టుకుని చేసే పని వేరు, బల్ల మీద పరుచుకుని చేసే పని వేరు. వత్తులు, అల్లిక, పూసలు గుచ్చడం ఒళ్లో పనులు. ఎవరైనా తలుపు కొడితే పక్కన పెట్టి లేవచ్చు, తిరిగి వచ్చి ఆపిన చోటే మొదలుపెట్టొచ్చు. రంగులు వేయడం, బంకతో అతికించడం, మట్టితో చేయడం బల్ల పనులు. వాటిని తీయడానికి పావుగంట, సర్దడానికి పావుగంట పోతుంది. రోజూ అరగంటే దొరికే ఇల్లాలు బల్ల పని ఎంచుకుంటే ఆ అరగంటా తీయడానికి, సర్దడానికే సరిపోతుంది. పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఒళ్లో పనే పెట్టుకోండి. బల్ల పని ఆదివారాలకు ఉంచండి.

అసలు రోజులో టైమ్ ఎక్కడుంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ‘ఖాళీ దొరికినప్పుడు చేసుకుంటాను’ అన్న మాటను వదిలేయమని నేను ముందు చెబుతాను. సంసారంలో ఖాళీ దానంతటది రాదు. వచ్చినా దాని మీదికి ఆరేసిన బట్టలు మడతపెట్టడమో, మరుసటి రోజు టిఫినుకు పప్పు నానబెట్టడమో వచ్చేస్తుంది. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని చెప్పి పెట్టుకోవాలి. ఆ టైమ్ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఏ గంట అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. నేను చూసినంతలో రెండు వేళలు బాగా కుదురుతాయి. ఒకటి పిల్లలు బడికి వెళ్లాక, స్నానం, పూజ అయ్యి మధ్యాహ్నం వంటకు ఇంకా టైమ్ ఉన్నప్పుడు. ఆ వెలుతురు రంగులకు, సూది పనికి చాలా మంచిది. రెండోది రాత్రి వంట అయ్యాక భోజనాలకు ముందు. అప్పుడు ఒళ్లో పని మాత్రమే.

కార్తీకంలో పొద్దు తొందరగా కుంకుతుంది. నవంబరు మధ్యలో హైదరాబాద్‌లో దాదాపు 5:40కే సూర్యాస్తమయం. ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటే. నల్ల దారం, ముదురు నీలం, మెరూన్ లాంటివి ట్యూబులైటు కింద కుడితే పొద్దున చూసుకున్నప్పుడు కుట్లు వంకర్లు కనిపిస్తాయి. ముదురు రంగులు సెలవు రోజు పగటికి ఉంచి, సాయంత్రాలు తెలుపు, గంధం, పసుపు రంగుల దారం పట్టుకోండి. లెక్కపెట్టాల్సిన డిజైన్లు కూడా పగలే. రాత్రి సీరియల్ చూస్తూ చేసే పని చేతికి బాగా అలవాటైనదై ఉండాలి.

పొయ్యి మీద పాలు పెట్టి అల్లిక పట్టుకోవద్దు. కుక్కర్ పెట్టి పట్టుకోండి, అదైతే విజిల్ వేసి పిలుస్తుంది.

పండగ రోజుల్లో వంట ఎలా తగ్గించుకోవాలి?

తగ్గించుకోనక్కర్లేదు, ముందుకు జరుపుకోవాలి. పులిహోర గుజ్జు ముందే ఉడికించి సీసాలో పెట్టుకుంటే ఫ్రిజ్‌లో వారం పైనే ఉంటుంది. నువ్వుల పొడి, పల్లీల పొడి, కందిపొడి ఉన్న వారం రెండు పూటలు కూర లేకపోయినా గడుస్తుంది. సద్దుల రోజు నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు) ఎలాగూ చేస్తాం. ఆ రోజు విడిగా పప్పు, కూర, పులుసు అని పెట్టుకోకుండా వాటినే ఇంటిల్లిపాదీ భోజనం చేయండి. చాలా ఇళ్లలో రెండూ వండుతారు. పేర్చే చేతులే వండే చేతులైనప్పుడు అది అన్యాయమని నా అభిప్రాయం.

ఉద్యోగం చేస్తూ బతుకమ్మ పేర్చడం కుదురుతుందా?

కుదురుతుంది, తొమ్మిది రోజులూ పెద్దదే పేర్చాలి అనుకోకపోతే. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మలు అయ్యాక ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు కాబట్టి మీకూ విశ్రాంతే. తర్వాత వేపకాయల, వెన్నముద్దల, చివరికి సద్దుల బతుకమ్మ. ఆఫీసు ఉన్న రోజుల్లో చిన్న పళ్లెంలో మూడు వరసల బతుకమ్మ చాలు. సద్దులకు మాత్రం సెలవు పెట్టండి.

పని అంతా ముందురోజు సాయంత్రమే సగం అవుతుంది. గునుగు అందుకు బాగా కలిసొచ్చే పువ్వు. కోసినా వాడదు, రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది. తెల్లటి ఆ కంకులను కాడలు ఒకే పొడుగు ఉండేలా కత్తిరించి, గుప్పెడు గుప్పెడు చొప్పున దారంతో కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి, పాత పేపరు మీద తల్లకిందులుగా ఆరబెట్టాలి. నిలబెట్టి ఆరబెడితే రంగు కాడల్లోకి జారి చేతులకు, చీరకు అంటుతుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ వేరువేరు పేపర్ల మీద ఉంచండి. తంగేడు అలా నిలవ ఉండదు, ఆ పసుపు రేకులు పూటలోనే వడలిపోతాయి. దాన్ని ఆ రోజు పొద్దున తెచ్చుకుని తడిగుడ్డ కప్పి ఉంచాలి. బంతి, చామంతి ముందురోజు కొన్నా పరవాలేదు. హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గరైతే కిలోల్లెక్కన తెచ్చి నలుగురు పంచుకోండి, ఇంటి ముందు బండి మీద కొనేదానికంటే చవక పడుతుంది.

పేర్చేటప్పుడు తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, అడుగు వరస తంగేడుతో చుట్టూ గుండ్రంగా పెట్టాలి. ప్రతి వరసకూ పువ్వుల తలలు బయటికి, కాడలు లోపలికి. మధ్యలో ఖాళీని కత్తిరించిన కాడలు, ఆకుల తుంపులతో గట్టిగా నింపుతూ రావాలి. చూసేవాళ్లకు కనిపించేది పువ్వులే కానీ బతుకమ్మను నిలబెట్టేది ఈ లోపలి కూరుడే. అది వదులైతే చెరువు దాకా తీసుకెళ్లే లోపు ఒక పక్కకు ఒరుగుతుంది. నాలుగు వరసలకొకసారి అరచేత్తో పై నుంచి మెల్లగా అదిమి చూడండి. పైకి పోయేకొద్దీ వరస చిన్నదవుతూ, చివర గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ.

మరో మాట. పల్లెల్లో తంగేడు, గునుగు చెలకల్లోకి వెళ్లి కోసుకొచ్చేది ఎక్కువగా మగవాళ్లే. పట్నం వచ్చాక ఆ పని కూడా ఆడవాళ్ల మీదే పడింది. ‘పూలు మీరు తేవాలి’ అని మీ ఇంటాయనకు చెప్పడంలో కొత్త ఏమీ లేదు, పాత పద్ధతిని గుర్తు చేయడమే.

365 వత్తులు ఇంట్లోనే చేయాలా? బజార్లో దొరుకుతున్నాయి కదా.

కొనుక్కుంటే దోషం ఏమీ లేదు. కానీ సంసారంతో పాటు సాగే చేతిపని కావాలని అడిగితే నేను మొదట చెప్పేది వత్తులే. ఖర్చు దాదాపు లేదు, సామాను లేదు, చప్పుడు లేదు. ఫోన్ మాట్లాడుతూ, పిల్లాడితో ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ చేయొచ్చు. మా అత్తగారు, నేను ఎక్కువ కబుర్లు చెప్పుకున్నది దూది పళ్లెం చుట్టూ కూర్చున్నప్పుడే.

అక్టోబరు వస్తే వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి తీతలు మొదలవుతాయి. తెలిసిన రైతు ఇంటి నుంచి గింజ పత్తి రెండు గుప్పెళ్లు దొరికితే అదృష్టమే. గింజలు తీసి, వేళ్లతో ఏకి, చెత్త ఏరేస్తే ఆ దూది మెత్తదనం వేరు. మందుల షాపులో దొరికే కాటన్ రోల్ కూడా పనికొస్తుంది, కాకపోతే జారుతుంది, మెలి త్వరగా నిలవదు.

పూవత్తికి ఉసిరికాయంత దూది తీసుకోండి. అరచేతిలో పలచగా, గుండ్రంగా పరిచి, అంచులన్నీ పైకి చేర్చి, కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి ఒకే వైపు తిప్పండి. వేళ్లకు చిటికెడు విభూతి అద్దుకుంటే జారదు. కొందరు పాలచుక్క అద్దుతారు. అప్పుడు కొస గట్టిగా నిలుస్తుంది కానీ నీడలో బాగా ఆరబెట్టాలి, తడి ఉంటే బూజు పడుతుంది. కింద భాగం వెడల్పుగా ఉంటేనే ప్రమిదలో కూర్చుంటుంది.

పౌర్ణమి కట్టకు సన్నని పొడుగు వత్తులు కావాలి. ఏడాదిలో దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి ఆ సాయంత్రం వెలిగిస్తారు. రోజుకు 25 చేస్తే పదిహేను రోజుల్లో 375 అవుతాయి, పాడైనవి తీసేసినా సరిపోతాయి. ఏ రోజు 25 ఆ రోజే దారంతో కట్టి డబ్బాలో వేయండి, చివర్లో లెక్కపెట్టే పని ఉండదు. కట్టను ముందురోజు రాత్రే ఆవునెయ్యిలో నానబెట్టాలి. అప్పటికప్పుడు నెయ్యి పోస్తే పైపైన తడిసి, మధ్యలో పొడిగా ఉండి, ఒక్కసారిగా మండుతుంది. ఇత్తడి గిన్నెలోనో, వెడల్పాటి మట్టి మూకుడులోనో పెట్టి, పక్కన ఆర్పడానికి పెద్ద మూత ఉంచుకుని వెలిగించండి.

బొమ్మల కొలువు దసరాకా, సంక్రాంతికా? పాత బొమ్మలు బాగుచేయడం ఎలా?

మీ ఇంటి ఆనవాయితీని బట్టే. కోస్తాలో ఎక్కువ ఇళ్లలో సంక్రాంతికి పెడతారు. రాయలసీమలో, తెలంగాణలో చాలామంది దసరాకు పెడతారు. సంక్రాంతి వాళ్లయితే హాయి. దీపావళి అయ్యాక ఆదివారానికి రెండేసి బొమ్మలు బాగుచేసుకుంటూ పోవచ్చు. దసరా వాళ్లు మాత్రం వినాయక చవితి కాగానే పెట్టె దించాలి.

బాగుచేసే ముందు బొమ్మ ఏ రకమో చూడండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసింది, తేలిగ్గా ఉంటుంది. భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్ని నీళ్లతో కడిగితే ఆ అతుకు ఉబ్బి ఊడిపోతుంది. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, విరిగిన చోట కర్ర అతికించే జిగురులో సన్నని రంపపు పొట్టు కలిపి పూయండి. ఒక రోజు ఆరనిచ్చి, సన్న గరుకు కాగితంతో రుద్ది, రంగు వెలిసిన చోట మాత్రమే రంగు వేయండి. మొత్తం బొమ్మకు కొత్త రంగు పూస్తే ఆ పాత ముఖం పోతుంది, అమ్మమ్మల నాటి బొమ్మలకు అది చేయకండి.

ఏటికొప్పాక బొమ్మలది వేరే సంగతి. అంకుడు కర్రను లేత్ యంత్రం మీద పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు. ఆ నునుపు మీద మన రంగులు నిలవవు. పొడిగుడ్డతో తుడిచి ఎండ తగలకుండా పెడితే అంతే చాలు.

మెట్లు 3, 5, 7, 9 ఇలా బేసి సంఖ్యలో పెడతారు. టైమ్ లేని ఏడాది 3 మెట్లు పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

‘ఇంట్లో పని వదిలేసి ఈ దారాలేంటి’ అంటారు. ఏం చెప్పాలి?

ఈ మాట విననివాళ్లు తక్కువ. దీనికి మా ఊరి సంగతి చెబుతాను.

నరసాపురం చుట్టుపక్కల గోదావరి ఊళ్లలో లేసు అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. ఇంట్లోనే కూర్చుని, వంటకూ పిల్లలకూ మధ్య, ఆడవాళ్లు అల్లిన ఆ లేసు విదేశాలకు వెళ్లింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్లు తిరిగి, ఈ స్త్రీల గురించి 1982లో పుస్తకం రాశారు. ఆమె ఎత్తి చూపింది ఒకటే. గంటల తరబడి అల్లుతున్నా వాళ్లను పనివాళ్లు అనలేదు, ఇంట్లో తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులు అన్నారు. అలా అన్నందుకే కూలి కూడా తక్కువే ఇచ్చారు. దాని మీద బాగుపడింది వ్యాపారులు, ఎగుమతిదారులు.

తీరిక వేళ పని అని పేరు పెడితే దాని విలువ ఎలా పడిపోతుందో మా ఊళ్లో తరాలుగా చూశాం. అందుకే మీ పనిని మీరే ‘ఏదో టైంపాస్’ అని చెప్పుకోవద్దని గట్టిగా చెబుతాను. మనం అలా అన్నాక ఇంట్లోవాళ్లు దానికి టైమ్ ఇవ్వరు.

ఇంట్లో అడగడం కూడా స్పష్టంగా ఉండాలి. ‘నాకు ఎవరూ సాయం చేయరు’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘అత్తయ్యా, ఏడింటి నుంచి ఎనిమిది దాకా నేను ఈ కొలువు పనిలో ఉంటాను. పప్పు ఉడికించి పెట్టాను, పోపు మీరు వేస్తారా?’ అని అడగండి. ‘ఏమండీ, ఈ నెల పిల్లాడి హోంవర్క్ మీది, వత్తులు అయ్యాక మళ్లీ నేను చూస్తాను’ అని చెప్పండి. ఏ పని, ఎంతసేపు, ఎప్పటిదాకా అన్నది చెబితే చాలామంది ఒప్పుకుంటారు. అత్తగారికి చేతిపని వచ్చి ఉంటే ఆమెను నేర్పమని అడగండి. పెద్దవాళ్ల కోపం సగం తమను ఎవరూ పిలవడం లేదన్న బాధే.

ఇంత చెప్పినా ఒప్పుకోని ఇళ్లు ఉంటాయి. అక్కడ ఒళ్లో పని ఒకటి ఆపకుండా కొనసాగించండి, పెద్ద పని మరో ఏడాది చూద్దాం.

పిల్లలను ఎలా కలుపుకోవాలి?

దసరా సెలవుల్లో వాళ్లకు నిజమైన పని ఇవ్వండి. చూస్తూ కూర్చోమంటే పది నిమిషాల్లో గొడవ మొదలవుతుంది. అయిదారేళ్ల పిల్లలు బంతి రేకులు విడదీస్తారు, గునుగు రంగుల వారీగా ఏరి పెడతారు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు ప్రమిదలకు రంగులు వేస్తారు. కొత్త మట్టి ప్రమిదలను ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే దీపం పెట్టినప్పుడు నూనె తక్కువ పీలుస్తాయి. రంగు బయటి వైపే వేయించండి, వత్తి ఉండే లోపలి వైపు, ముక్కు దగ్గర వద్దు. వంకరగా వేసినా మీరు దిద్దకండి.

వెలిగించడం మాత్రం పెద్దవాళ్లే చేయాలి. ఆ సాయంత్రం నైలాన్, సిల్కు బట్టలు వద్దు, నూలు బట్టలు వేయండి.

వానలకు ఏదీ ఆరడం లేదు.

కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తుఫాన్లూ అప్పుడే. ఆ ప్రాంతంవాళ్లు మట్టి పని, పేపరు గుజ్జు పని సెప్టెంబరులోనే ముగించుకుని, ఈ నెలలకు దారం పని పెట్టుకోవడం మేలు. తప్పదంటే పలచటి పూతలు వేస్తూ, ఒక్కో పూత ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే తర్వాతిది వేయండి. దూది, దారం స్టీలు డబ్బాలో మూత గట్టిగా పెట్టి ఉంచాలి. కరెంటు పోయే రోజులు కాబట్టి దీపాలకు నూనె, వత్తులు ఎక్కువే చేసుకోండి.

ఇల్లంతా చిందరవందరగా అవుతోంది.

ఒక పనికి ఒక పళ్లెం. అంచులున్న పాత స్టీలు పళ్లెమో, తాంబాలమో తీసుకుని, ఆ పనికి సంబంధించినవన్నీ అందులోనే ఉంచండి. ఎవరైనా వస్తే పళ్లెం ఎత్తి బీరువా మీద పెట్టేయొచ్చు. సూదులు ఎన్ని తీశారో అన్నీ తిరిగి పెట్టాకే లేవండి. చిన్న అయస్కాంతం ఒకటి పళ్లెంలో పెడితే సూదులు దానికే అతుక్కుని ఉంటాయి, చాప మీద పడవు.

మెడ, నడుము, వేళ్లు నొప్పులు వస్తున్నాయి.

నేల మీద వంగి కూర్చుని పని చేస్తే వస్తాయి. ఒళ్లో దిండు పెట్టుకుని పనిని కళ్ల వైపు పైకి తెచ్చుకోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. క్రోషా హుక్కును పిడికిలి బిగించి పట్టుకోవద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతూ, రాత్రిళ్లు నిద్ర లేపుతుంటే పని ఆపి డాక్టర్‌కు చూపించాలి.

తోరణాలు, ప్రమిదలు చేసి అమ్మొచ్చా?

అమ్మొచ్చు. అయితే ధర వేయడంలో మనవాళ్లు దారం ఖరీదు మీద పదో ఇరవయ్యో వేసుకుని ఇచ్చేస్తారు. లెక్క ఇలా వేయండి. ఒక గుమ్మం తోరణానికి ఊలు 180 రూపాయలు, పూసలు 40, పని 6 గంటలు అనుకుందాం. గంటకు 70 చొప్పున 420. మొత్తం 640. ‘ఇంటి పట్టున చేస్తున్నదే కదా’ అని ఎవరైనా 300కు అడిగితే ఆ 6 గంటల్లో మీ ఇంట్లో ఏ పని ఆగిందో తలుచుకుని, మర్యాదగా కాదనండి.

ఆర్డర్లు పండగకు మూడు వారాల ముందే ఆపేయండి. సగం డబ్బు ముందే తీసుకోండి, చుట్టాలైనా సరే. ఆఖరి వారం మీ ఇంటి కోసం ఉండాలి. ఊరందరి గుమ్మాలకూ తోరణాలు కట్టి, తన గుమ్మానికి ప్లాస్టిక్ దండ వేలాడదీసిన వాళ్లను నేను చూశాను, నాకది చాలా బాధ అనిపిస్తుంది.

మేం విదేశంలో ఉంటాం. మాకు ఏది కుదురుతుంది?

అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ నెలల్లో బంతి, చామంతి బాగా దొరుకుతాయి, తంగేడు, గునుగు దొరకవు. ఉన్న పూలతోనే పేర్చండి, వరసలు కట్టే పద్ధతి ఒకటే. నవంబరు మొదటి ఆదివారం అక్కడ చాలా రాష్ట్రాల్లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, 2026లో అది దీపావళికి సరిగ్గా వారం ముందు. ఆ రోజు నుంచే సాయంత్రపు వెలుతురు గంట తగ్గుతుంది కాబట్టి కళ్లకు శ్రమ పెట్టే పని అంతకు ముందే పూర్తి చేసుకోండి. అపార్ట్‌మెంట్లలో పొగ అలారాలు ఉంటాయి, నెయ్యి వత్తుల కట్ట బయటే వెలిగించాలి, అదీ అక్కడి నిబంధనలు చూసుకుని.

ఆస్ట్రేలియా వాళ్లకు అప్పుడు వసంతం, పొద్దు పెరుగుతూ ఉంటుంది. ఇక్కడ సాయంత్రాల గురించి రాసినవి వాళ్లకు వర్తించవు.

సగంలో ఆగిన పనులు, మిగిలిన సామాను ఏం చేయాలి?

కార్తీక అమావాస్య వెళ్లాక ఒక పూట కూర్చుని మూడు కుప్పలు వేయండి. సంక్రాంతి లోపు పూర్తి చేయగలిగినవి ఒకటి. విప్పేసి దారం వాడుకోవాల్సినవి రెండోది. ఎవరికైనా ఇచ్చేయాల్సినవి మూడోది. ఆగిపోయిన అల్లికకు ఏ నంబరు హుక్కు వాడుతున్నారో, ఎన్నో వరసలో ఉన్నారో చీటీ రాసి పిన్నీసుతో గుచ్చండి. రెండు నెలల తర్వాత అది గుర్తుండదు.

ఎండిన బంతిపూలు పారేయకండి. రేకులను నీళ్లలో మరిగించి వడకడితే మంచి పసుపు రంగు వస్తుంది. కాస్త పటిక కలిపిన నీళ్లలో ముందుగా నానబెట్టిన నూలు గుడ్డను అందులో ఉడికిస్తే రంగు నిలుస్తుంది. వచ్చే కొలువుకు మెట్ల మీద పరిచే బట్ట అలా చేసుకోవచ్చు. రేకుల అడుగున ఉండే సన్నని నల్ల గింజలు కాగితం పొట్లంలో దాచి, తేదీ రాసి పెట్టండి. జూన్, జూలైల్లో చల్లితే దసరా నాటికి పూస్తాయి. మిగిలిన వత్తులు స్టీలు డబ్బాలో, రంగులు మూత బిగించి తలకిందులుగా, బొమ్మలు పాత నూలు చీర ముక్కల్లో చుట్టి. పెట్టె మీద లోపల ఏమేం ఉన్నాయో రాయండి, ఏవి కొనాలో కూడా అక్కడే రాసుకోండి.